కెనడాలో డబ్బు తగాదా వస్తే: ఏ తలుపు తట్టాలి, ఏ గడువు దాటకూడదు

ఒంటారియో ప్రావిన్సులోని బ్రాంప్టన్‌లో మీతో ఒకే బేస్‌మెంటులో ఉన్న స్నేహితుడు 6,000 డాలర్లు చేబదులు తీసుకున్నాడు. జీతం రాగానే ఇస్తానన్నాడు. ఏడాది గడిచింది, ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. లేదంటే, మీరు ఇల్లు ఖాళీ చేసి మూడు నెలలైనా ఇంటి యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. ఇలాంటప్పుడు మనవాళ్లు చాలామంది వదిలేసుకుంటారు. పరాయి దేశంలో కోర్టు గొడవ ఎందుకని ఒక భయం, కేసు వేస్తే పీఆర్‌కు, అంటే శాశ్వత నివాస అనుమతికి, అడ్డు వస్తుందేమోనని ఇంకో భయం.

ముందు ఆ రెండో భయం సంగతి తేల్చుకోండి. డబ్బు కోసం వేసే దావా సివిల్ వ్యవహారం. అందులో పోలీసులు ఉండరు, నేరం మోపడం ఉండదు, క్రిమినల్ రికార్డు పుట్టదు. స్టడీ పర్మిట్ మీద ఉన్నా, వర్క్ పర్మిట్ మీద ఉన్నా, విజిటర్‌గా వచ్చినా దావా వేసే హక్కు మీకుంది. మీమీద దావా పడి మీరు ఓడిపోతే, ఆ తీర్పు మీ క్రెడిట్ రిపోర్టుకు ఎక్కవచ్చు. భయపడవలసింది దానికి.

మొదటి భయం కూడా పూర్తిగా నిజం కాదు. ఇలాంటి తగాదాల్లో చాలావరకు కోర్టు గదిలో ఓడిపోవు. తప్పు తలుపు తట్టడం వల్ల, గడువు దాటడం వల్ల, కాగితం లేకపోవడం వల్ల అంతకు ముందే ఓడిపోతాయి. అందుకే ఇక్కడ ఆ మూడింటి గురించే ఎక్కువ చెబుతాను.

కోర్టుల తీరు, కొద్దిగా

కెనడా ఫెడరల్ దేశం. నేర చట్టం, దివాలా, బ్యాంకులు వంటివి ఒట్టావాలోని కేంద్రం చేతిలో ఉంటాయి. ఆస్తి, ఒప్పందాలు, అద్దెలు ప్రావిన్సుల చేతిలో ఉంటాయి. 1867 నాటి రాజ్యాంగ చట్టం చేసిన పంపకం ఇది. బలమైన కేంద్రం ఉన్న సమాఖ్య, మిగులు అధికారాలు కేంద్రానివే కావడం అనే ఆలోచనలు మన రాజ్యాంగంలోకి వచ్చింది ఇక్కడి నుంచే. పై కోర్టుల కథలోనూ పోలిక ఉంది. రెండు దేశాల అప్పీళ్లూ ఒకప్పుడు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లేవి, రెండింటికీ ఆ దారి మూసుకుపోయింది 1949లోనే.

మీకు దీనితో పని ఏమిటంటే, సివిల్ తగాదాకు నియమాలు ప్రావిన్సును బట్టి మారతాయి. అల్బర్టాలో ఉన్న బంధువు చెప్పినది ఒంటారియోలో చెల్లకపోవచ్చు. క్విబెక్‌లో అయితే న్యాయ సంప్రదాయమే వేరు. మిగతా ప్రావిన్సుల్లో మనకు అలవాటైన ఇంగ్లీషు కామన్ లా నడిస్తే, అక్కడ ఫ్రెంచి సంప్రదాయపు సివిల్ కోడ్ నడుస్తుంది. పేర్లు చూసి కూడా పొరబడకండి. బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు అంటే ఆ ప్రావిన్సులో పెద్ద కేసులను విచారించే కోర్టు మాత్రమే. దేశానికంతటికీ చివరిదైన, తొమ్మిది మంది న్యాయమూర్తులుండే సుప్రీంకోర్టు ఒట్టావాలో ఉంది.

ఇక్కడి నుంచి ఒంటారియోను పట్టుకుని చెబుతాను. మిగతా చోట్ల ముఖ్యమైన తేడాలు మధ్యలో వస్తాయి.

మొదటి అడుగు: మీ తగాదాకు తలుపు ఏది?

ప్రతి డబ్బు గొడవా కోర్టుకు వెళ్లదు. జీతం ఎగ్గొట్టిన యజమాని మీద ప్రావిన్సు కార్మిక శాఖకు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. దానికి గడువు రెండేళ్లు. బ్యాంకు, విమానయానం, ప్రావిన్సుల మధ్య తిరిగే లారీల సంస్థ అయితే కేంద్ర కార్మిక శాఖకు వెళ్లాలి. ఒంటారియోలో ఒకసారి ఫిర్యాదు పెడితే, రెండు వారాల్లోగా వెనక్కి తీసుకుంటే తప్ప, అదే జీతం కోసం కోర్టులో దావా వేయలేరు. అందుకే ఫారం నింపే ముందే ఏ దారి పట్టాలో నిర్ణయించుకోండి.

అద్దె ఇంటి తగాదా దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తికమక పడతారు. మామూలుగా అది ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకు వెళ్తుంది. అద్దెదారు దరఖాస్తులకు అక్కడ గడువు ఒక ఏడాదే. కానీ వంటగదినో బాత్రూమునో ఇంటి యజమానితో గానీ, ఆయన భార్యతో, పిల్లలతో, తల్లిదండ్రులతో గానీ పంచుకోవలసిన ఇల్లయితే ఆ అద్దె చట్టం మీకు వర్తించదు. అప్పుడు బోర్డు మీ దరఖాస్తు వినదు, చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లాలి. రూమ్మేట్ల మధ్య కరెంటు బిల్లు, అద్దె వాటా గొడవలు కూడా ఈ కోర్టుకే వస్తాయి. బోర్డు దగ్గర నెలలు వేచి చూశాక ఈ మాట వినడం చాలా బాధగా ఉంటుంది. ముందే మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: పొయ్యి ఎవరితో పంచుకున్నాను?

అడ్వాన్సు విషయం కూడా తెలుసుకోండి. అద్దె చట్టం వర్తించే ఇంట్లో ఒంటారియో యజమాని చివరి నెల అద్దెను మాత్రమే ముందుగా తీసుకోవచ్చు. గోడలు పాడైతే మరమ్మతుకని డిపాజిట్ తీసుకోవడం చట్టవిరుద్ధం. బ్రిటిష్ కొలంబియాలో మాత్రం సగం నెల అద్దె దాకా అలాంటి డిపాజిట్ తీసుకోవచ్చు.

చేబదులు, చెప్పిన పని చేయని కాంట్రాక్టరు, అమ్మిన కారులో దాచిన లోపం, తిరిగి ఇవ్వని వస్తువు, వీటన్నింటికీ స్మాల్ క్లెయిమ్స్ కోర్టే తలుపు. ఒంటారియోలో దాని పరిమితి 35,000 డాలర్ల నుంచి 50,000కు పెరిగింది. ఇది 2025 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. అల్బర్టాలో 1,00,000 డాలర్ల వరకు, క్విబెక్‌లో 15,000 వరకు ఉంది. క్విబెక్ స్మాల్ క్లెయిమ్స్‌లో సాధారణంగా న్యాయవాదిని పెట్టుకోనివ్వరు, ఎవరి వాదన వారే చెప్పుకోవాలి. బ్రిటిష్ కొలంబియాలో 5,000 డాలర్ల లోపు తగాదాను సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్ ఆన్‌లైన్‌లోనే తేలుస్తుంది.

మీకు రావలసింది పరిమితి కంటే కొద్దిగా ఎక్కువైతే, ఆ పైది వదులుకుని ఇక్కడే దావా వేయవచ్చు. ఒకే బాకీని రెండు ముక్కలు చేసి రెండు దావాలు వేయడం కుదరదు. ఈ కోర్టు డబ్బు ఇప్పిస్తుంది, వస్తువు తిరిగి ఇప్పిస్తుంది, అంతే. విడాకులు, ఇల్లు ఖాళీ చేయించడం వంటివి ఇక్కడ అడగకండి.

రెండో అడుగు: క్యాలెండరు తీయండి

ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా ప్రోనోటుకు మూడేళ్లు అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. ఆ లెక్క ఇక్కడ పెట్టుకుంటే మునిగిపోతారు. ఒంటారియోలో సాధారణ గడువు రెండేళ్లు. మీకు నష్టం జరిగిందని, దానికి కారకులు ఎవరో తెలిసిన రోజు నుంచి, లేదా మామూలు జాగ్రత్త ఉన్న మనిషికి తెలిసి ఉండవలసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. బ్రిటిష్ కొలంబియా, అల్బర్టాలలోనూ మామూలు గడువు రెండేళ్లే, క్విబెక్‌లో మూడేళ్లు. కాలదోషం పట్టిన బాకీకి ఎంత సాక్ష్యం ఉన్నా, ఎదుటివాడు గడువు దాటిందని లేవనెత్తితే దావా పోతుంది.

ఎప్పుడు తిరిగి ఇవ్వాలో తేదీ పెట్టుకోకుండా, అడిగినప్పుడు ఇస్తాననే మాట మీద ఇచ్చిన అప్పు అయితే కొంత ఊరట ఉంది. మీరు అడిగి, అతను ఇవ్వనప్పటి నుంచి గడువు నడుస్తుంది. గడువు ఇంకా మిగిలి ఉండగా అతను కొంత చెల్లించినా, బాకీ ఉందని సంతకంతో రాసి ఇచ్చినా లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నోటితో "ఇస్తాలే అన్నా" అంటే సరిపోదు. కాబట్టి వంద డాలర్లు పంపినా వద్దనకుండా పుచ్చుకోండి, ఆ తేదీ రాసి పెట్టుకోండి.

కొన్ని గడువులు రోజుల్లోనే ఉంటాయి. చలికాలంలో నగరపాలక సంస్థ కాలిబాట మీద జారిపడి దెబ్బ తగిలితే పది రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రైవేటు స్థలంలో మంచు మీద జారిపడితే అరవై రోజులు. ఆసుపత్రి నుంచి వచ్చాక చూద్దాం అనుకుంటే మొదటి గడువు దాటిపోతుంది, ఇంట్లో ఎవరితోనైనా ఆ ఉత్తరం రాయించండి.

మూడో అడుగు: కాగితం కూడబెట్టండి

సివిల్ కేసులో సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కరలేదు. ఎవరి మాట నిజమయ్యే అవకాశం ఎక్కువగా ఉందన్నదే కొలత. త్రాసు మీ వైపు కొంచెం మొగ్గితే చాలు. స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో సాక్ష్యం నియమాలు కూడా కొంత సడలింపుతో ఉంటాయి. అందువల్ల వాట్సాప్ సంభాషణలు, ఈ-ట్రాన్స్‌ఫర్ రశీదులు, ఫోటోలు, ఈమెయిళ్లు అన్నీ పనికొస్తాయి.

చిన్న గుర్తు కూడా ఎంత బరువు తూగుతుందో 2023లో సస్కచ్వాన్ కోర్టు తీర్పు చూపించింది. ధాన్యం కొనే సంస్థ ఒక రైతుకు అవిసె గింజల ఒప్పందం ఫోటో తీసి ఫోనులో పంపి, ఖాయం చేయమని అడిగింది. రైతు బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి తిరిగి పంపాడు. ధర పెరిగాక సరుకు ఇవ్వలేదు. ఆ బొమ్మే సంతకంతో సమానమని కోర్టు చెప్పి 82,000 డాలర్లకు పైగా కట్టమంది. పై కోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. మీరు కూడా ఫోనులో ఆ బొమ్మ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి.

2024లో బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్‌లో ఒక ప్రయాణికుడు ఎయిర్ కెనడా మీద గెలిచాడు. నానమ్మో అమ్మమ్మో పోయిన దుఃఖంలో టికెట్టు కొంటూ, వెబ్‌సైటులోని చాట్‌బాట్ చెప్పిన మాట నమ్మి తర్వాత రాయితీ అడిగాడు. సంస్థ కాదంది. చాట్‌బాట్ చెప్పిన దానికీ సంస్థదే బాధ్యత అని ట్రైబ్యునల్ తేల్చింది. అతని దగ్గర ఆ సంభాషణ స్క్రీన్‌షాట్ ఉంది. అది లేకపోతే 800 డాలర్లకు పైగా వచ్చిన ఆ డబ్బు రావడం కష్టమయ్యేది.

మన విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఒంటారియో కోర్టులో దాఖలు చేసే తెలుగు పత్రానికి అనువాదం జతచేయాలి, ఆ అనువాదం సరైనదేనని అనువాదకుడు అఫిడవిట్ ఇవ్వాలి. "రేపు వేస్తా బ్రో, పక్కా" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మెసేజీ కూడా తెలుగే. విచారణకు ముందు రోజు ఈ పని కాదు. దుబాసీ అవసరమైతే అది కూడా ముందుగానే కోర్టు కార్యాలయంలో అడగండి.

ఇక వడ్డీ. ఇది చాలామందికి తెలియని ప్రమాదం. "నూటికి రెండు", "నూటికి మూడు" అని నెల లెక్కన రాసుకోవడం మన అలవాటు. కెనడా వడ్డీ చట్టం ప్రకారం, తనఖాలు కాని అప్పుల్లో, వడ్డీని నెలకు ఇంత అని రాసి ఏడాదికి ఎంతో స్పష్టంగా రాయకపోతే, మీకు దక్కేది ఏడాదికి 5 శాతమే. ఇక నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. 2025 జనవరి 1 నుంచి వ్యక్తిగత అప్పుల మీద ఏడాదికి 35 శాతం దాటిన వడ్డీ క్రిమినల్ కోడ్ కింద నేరం. అంటే మన ఊళ్లో మామూలుగా నడిచే వడ్డీ, ఇక్కడ అప్పు ఇచ్చినవాడినే నేరస్తుడిని చేయగలదు. అప్పు ఇస్తున్నట్లయితే ఒకే కాగితం మీద అసలు, ఏడాది వడ్డీ శాతం, తిరిగి ఇవ్వవలసిన తేదీ రాసి ఇద్దరూ సంతకం చేయండి. రెవెన్యూ స్టాంపు అక్కరలేదు. నగదు చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపండి, పంపేటప్పుడు అప్పు అని రాయండి.

నాలుగో అడుగు: నోటీసు

కోర్టుకు వెళ్లే ముందు ఒక ఉత్తరం రాయండి. ఎంత, ఎందుకు, ఏ తేదీన ఇచ్చినది, ఏ తేదీలోగా చెల్లించాలి, చెల్లించకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్తానన్న మాట. పేజీ దాటనక్కరలేదు. తిట్లు వద్దు, రేపు జడ్జి చదివే ఉత్తరమిది. ఈమెయిలులోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ రాయకండి: "ఇమ్మిగ్రేషన్‌కు చెప్పి దేశం నుంచి పంపించేస్తాను", "పోలీసు కేసు పెట్టిస్తాను". సివిల్ దావా వేస్తానని చెప్పడం బెదిరింపు కాదని క్రిమినల్ కోడ్‌లోనే ఉంది. డబ్బు రాబట్టడానికి మిగతా రకం బెదిరింపులకు దిగితే మీమీదే నేరం వచ్చి పడవచ్చు.

ఐదో అడుగు: దావా, దాన్ని అందజేయడం

7ఎ ఫారం నింపాలి. ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. అప్పుడప్పుడు దావా వేసేవారికి రుసుము వంద డాలర్లకు కొద్దిగా పైన ఉంటుంది, ఆదాయం తక్కువగా ఉన్నవారు మినహాయింపు అడగవచ్చు. తగాదా పుట్టిన చోటనో, ప్రతివాది ఉండే లేదా వ్యాపారం చేసే చోటనో ఉన్న కోర్టులో వేయాలి. ప్రతివాది పేరు సరిగ్గా రాయండి. దుకాణం బోర్డు మీది పేరు ఒకటి, రిజిస్టరైన కంపెనీ పేరు ఇంకొకటి కావచ్చు. తప్పు పేరు మీద వచ్చిన తీర్పు వసూలుకు పనికిరాదు.

ఊళ్లో అయితే సమన్లు పట్టుకుని కోర్టు అమీనా వెళ్తాడు. ఇక్కడ ఆ పని మీదే. కోర్టు ముద్ర వేసిన దావా కాపీని ఆరు నెలల్లోగా ప్రతివాదికి నియమం ప్రకారం అందజేసి, అందించినట్లు 8ఎ ఫారంలో అఫిడవిట్ ఇవ్వాలి. మీరే ఇవ్వవచ్చు, స్నేహితుడి చేత ఇప్పించవచ్చు, డబ్బు తీసుకుని ఈ పని చేసేవాళ్లూ ఉన్నారు. గొడవ ముదిరి ఉంటే మీరు స్వయంగా వెళ్లకండి.

అందిన రోజు నుంచి ప్రతివాదికి ఇరవై రోజుల గడువు. ఆలోపు జవాబు దాఖలు చేయకపోతే, అతన్ని గైర్హాజరుగా నమోదు చేసి తీర్పు ఇవ్వమని కోరవచ్చు.

దావా మీమీదే వచ్చిందా? ఆ ఇరవై రోజులు మీవి. కాగితాన్ని సొరుగులో పడేయకండి. బాకీ నిజమే, ఒకేసారి కట్టలేనంటే, జవాబు ఫారంలోనే వాయిదాల ప్రతిపాదన రాయడానికి చోటు ఉంది. గడువు దాటి తీర్పు వచ్చేసినా, తెలిసిన వెంటనే సరైన కారణం, నిలబడే వాదన చూపితే దాన్ని రద్దు చేయమని అడగవచ్చు.

ఆరో అడుగు: రాజీ, విచారణ

జవాబు పడిన తొంభై రోజుల్లోగా సెటిల్‌మెంట్ కాన్ఫరెన్స్ పెట్టాలని నియమం. సాధారణంగా వీడియోలో జరుగుతుంది. న్యాయాధికారి ఇద్దరి కాగితాలూ చూసి ఎవరి కేసు ఎక్కడ బలహీనమో ఉన్నది ఉన్నట్లు చెబుతారు. అక్కడ మాట్లాడినది విచారణలో వాడకూడదు, విచారణ చేసేదీ ఆయన కాదు. కాబట్టి మనసు విప్పి మాట్లాడండి. నా అభిప్రాయంలో మొత్తం ప్రక్రియలో మీకు ఎక్కువ మేలు చేసేది ఈ గంటే. 6,000కు 5,000 నెల వాయిదాల్లో వస్తుందంటే తేలిగ్గా తోసేయకండి. విచారణ తేదీ కోసం మళ్లీ రుసుము కట్టాలి, మళ్లీ నెలలు పడుతుంది.

విచారణకు వెళ్తే, కాగితాలన్నీ కనీసం ముప్పై రోజుల ముందే ఎదుటివారికి అందించాలి. తేదీల వరుసలో పేర్చి పేజీలకు అంకెలు వేయండి. జడ్జిని చూసి మాట్లాడండి, ఎదుటివాడితో వాదించకండి. గెలిచినవారికి ఖర్చులు ఇప్పిస్తారు గానీ, లాయరు ఫీజు లెక్కన అడిగిన మొత్తంలో 15 శాతం మించదు. అందువల్ల చిన్న బాకీకి పెద్ద లాయరును పెడితే మీకే నష్టం. ఒంటారియోలో లైసెన్సు ఉన్న పారాలీగల్‌లు, అంటే లాయర్లు కాకపోయినా కొన్ని రకాల కేసులు చూసే అనుమతి ఉన్నవాళ్లు, ఈ కోర్టులో వాదించవచ్చు, ఖర్చు తక్కువ. లాయర్లకు లైసెన్సులిచ్చే లా సొసైటీ రిఫరల్ సర్వీసు ద్వారా అరగంట దాకా ఉచితంగా మాట్లాడుకోవచ్చు.

ఏడో అడుగు: వసూలు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడని మన సామెత. తీర్పు వచ్చినంత మాత్రాన కోర్టు మీ ఖాతాలో డబ్బు వేయదు. వసూలు కూడా మీ పనే. ఓడినవాడిని కోర్టుకు రప్పించి, ఉద్యోగం ఎక్కడ, ఖాతా ఏ బ్యాంకులో, కారు ఎవరి పేరున అని ప్రమాణం మీద అడిగించవచ్చు. గార్నిషీ ఉత్తర్వుతో బ్యాంకు ఖాతా నుంచి, లేదా జీతం నుంచి పట్టించవచ్చు. జీతంలో మామూలుగా చేతికి వచ్చే దానిలో 20 శాతం దాకానే పట్టుకోనిస్తారు. ఇల్లు ఉంటే దాని మీద రిట్, అంటే తీర్పు బాకీని ఆస్తికి తగిలించే ఉత్తర్వు, నమోదు చేయించండి, అమ్మబోయినప్పుడు మీ బాకీ అడ్డు నిలుస్తుంది. ఉద్యోగం, ఖాతా, ఆస్తి ఏదీ లేని మనిషి మీద దావా వేసే ముందు ఈ అడుగునే మొదట ఆలోచించండి.

అతను హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వెళ్లిపోతే? బ్రిటన్, సింగపూర్ కోర్టుల డిక్రీలను భారతదేశంలో నేరుగా అమలు చేయించవచ్చు గానీ, కెనడా ఆ జాబితాలో లేదు. ఇక్కడి తీర్పును ఆధారం చేసుకుని అక్కడ మూడేళ్లలోగా కొత్త దావా వేయాలి. అతను హాజరు కానందువల్ల, సాక్ష్యం చూడకుండా వచ్చిన తీర్పైతే, కేసు మంచిచెడ్డలు విచారించి ఇచ్చింది కాదని భారత కోర్టు దాన్ని పక్కన పెట్టవచ్చు. అవతలి మనిషి ప్రయాణం కట్టుకుంటున్నాడని తెలిస్తే, గైర్హాజరు తీర్పుతో తృప్తి పడకుండా సాక్ష్యం విని కారణాలతో రాసిన తీర్పు కోసం అడగండి, కోర్టు ధ్రువీకరించిన నకలు తీసుకుని దగ్గర పెట్టుకోండి.